ట్రేలో పడిన పప్పు చప్పుడు

2023లో నేను జంగారెడ్డిగూడెం దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇంజనీర్‌ని. విరగని పప్పును మేం హోల్స్ అంటాం. మంచి ధర దానికే. ఆ వేసవిలో హోల్స్ తగ్గి ముక్కలు పెరిగాయి. గ్రేడింగ్‌లో, అంటే పప్పును సైజులవారీగా ఏరే చోట, ఆడవాళ్ళ చేతులు మొరటుగా పడుతున్నాయని మేనేజర్‌గారు తేల్చేశారు. నెలాఖరులోగా మారకపోతే సగం మందిని తీసేస్తామన్నారు.

అంతకు ముందే పనివాళ్ళ సలహాల కోసం గేటు దగ్గర ఒక ట్యాబ్ పెట్టించాను. యాప్‌లో పేరు, సెక్షన్, సమస్య, పరిష్కారం టైపు చెయ్యాలి. గ్రేడింగ్ నుంచి ఒక్క సలహా రాలేదు.

ఓ రోజు భోజనాల వేళ, ఆ సెక్షన్‌లో అందరికన్నా పాతమనిషి సుబ్బలక్ష్మిగారి పక్కన కూర్చుని కారణం అడిగాను.

"మాలో టైపు చేసేవాళ్ళెవరండి? అయినా నేను చెప్పేది రాస్తే తెలిసేది కాదండి. వింటే తెలుస్తాది."

మర్నాడే యాప్ తయారుచేసినవాళ్ళతో మాట్లాడి, ఆ ఫారం తీయించి ఒక్క మైకు బటన్ పెట్టించాను. ట్యాబ్‌ను మెషీన్ల పక్కకు మార్చాను.

మొదటి సందేశం ఆవిడదే. "మేడంగారండీ, సుబ్బలక్ష్మినండి. ట్రే ఖాళీగా ఉందండి, వినండి." పొట్టు తీసే మెషీన్‌లోంచి పప్పు స్టీలు ట్రేలో టకటకా పడుతోంది. "ఇప్పుడు సగం నిండిందండి." ఈసారి చప్పుడు మెత్తగా ఉంది. "ముందు పడ్డవే చిట్లుతున్నాయండి. మా చేతికొచ్చేసరికే విరిగుంటున్నాయి. అడుగున రబ్బరు షీటు వేసి చూడండి."

ఆ వేసవి మొదట్లో ప్లాస్టిక్ ట్రేలు తీసేసి స్టీలువి తెప్పించింది నేనే.

మేనేజర్‌గారికి వినిపించాను. ఆయన రెండుసార్లు విని, లేచి మెషీన్ల దగ్గరికి నడిచారు. ఒక ట్రేలో షీటు వేయించి, ఇంకోటి అలాగే వదిలి, రెండూ నిండాక బల్లమీద కుమ్మరించాం. తేడా దూరం నుంచే కనిపించింది. ఆడవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు.

"తప్పు మీ చేతులది కాదండి. ఎవర్నీ తీసెయ్యం," అన్నారాయన.

సుబ్బలక్ష్మిగారు ట్యాబ్ ముందుకు జరిపారు. "ఆ మాట ఇందులో చెప్పండి సార్. రెండో షిఫ్టువాళ్ళకీ వినిపిస్తాం."

ఆయన బటన్ నొక్కి, మొదటి నుంచి మళ్ళీ చెప్పారు. షెడ్డంతా చప్పట్లు.

ఆ తర్వాత వచ్చిన సలహాలు వినడానికే నాకు రోజూ గంట పట్టేది. పనివాళ్ళకు ఆసక్తి లేదని అంతకుముందు రిపోర్టులో రాసింది నేను. వాళ్ళు చెప్పగలిగే దారి నేను తెరవలేదని రాయాల్సింది.