నిప్పు చూసిన వైన్

స్టీల్ ప్లాంటు ఫర్నేసు దగ్గరే ఉద్యోగమంతా గడిపిన త్రినాథరావు నిప్పు చూడని దేన్నీ నమ్మడు. పాలు, నీళ్లు సరే, ఓసారి పెరుగు కూడా మరగబెట్టిన ఘనుడు. దువ్వాడలో తమ అపార్టుమెంటు వాళ్ల వేసవి విందుకి, మామిడిముక్కల మీద నురగల వైన్ పోసే ఫారిన్ తీపి తానే చేస్తానన్నాడు. సీసాడు వైనూ గిన్నెలో పోసి సగమయ్యేదాకా మరిగించాడు.

"ఏటి సేత్తన్నారు? బుడగలన్నీ పోతన్నాయి!" అంది భార్య ఆశాజ్యోతి.

"మత్తూ పోతాది. ఆడోళ్లు, పెద్దోళ్లు తింతారు కదేటి!" అని, చల్లారాక బుడగల కోసం సోడా కలిపాడు.

విందులో రెండో కప్పుకే అసోసియేషన్ ప్రెసిడెంటు నాగవంశీ గోడ పట్టుకున్నాడు. "బావా, తల తిరిగిపోతంది. నన్ను లిఫ్టు దాకా దిగబెట్టు!"

"ఫారిన్ సరుకు మరి, బావా!" అంటూ, మత్తంతా మరిగించి పోగొట్టిన త్రినాథరావే తన కప్పు ఖాళీ చేసి తూలుతూ లేచి, తనూ గోడ పట్టుకున్నాడు.