గోడకెక్కిన కవ్వం

లింగంపల్లిలో మేం కిరాయికున్న ఇంట్లో, మా చిన్నప్పుడు... మధ్యాహ్నం కరెంటు పోయిందంటే మా జేజి గోనెసంచి ముందేసుకుని కూర్చునేది. జేజి అంటే నాన్న వాళ్లమ్మ.

సంచిలో అన్నీ కొయ్య సామాన్లే. కడప పక్క పల్లె నుంచి రైల్లో తెచ్చుకున్నవి. నన్నూ చెల్లెల్నీ కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే చేతిలో పెట్టేది...

"ఇదేందో చెప్పు పాపా."

పులిసిన మజ్జిగ వాసన వస్తే కవ్వం. పళ్లు అరిగి మొద్దుబారి ఉంటే పప్పుగుత్తి. బారుగా ఉండి ఒక అంచు మాత్రమే పల్చబడితే సంగటి తెడ్డు.

"సరే... దాని వయసెంత?" అనేది తర్వాత. మేం నోటికొచ్చింది చెప్పేవాళ్లం. నవ్వి, మా వేళ్లు పట్టుకుని ఆ అరిగిన అంచు మీద నడిపించేది.

"ఇంత అరగాలంటే ఒక ఆడమనిషి పెండ్లయి వచ్చి, మనవరాండ్లను ఎత్తుకోవాల. కొయ్య ఊరికే అరగదు మే."

తర్వాత గచ్చిబౌలిలో ఫ్లాట్. నాన్న, ఆయన తమ్ముడు... మా చిన్నాయన... కలిసి కొన్నారు. వంటగది నిండా తెల్లటి అరలు. జేజి మా మేనత్త వాళ్లింటికి వెళ్లిన వారంలో సంచి మాయమైంది.

తిరిగొచ్చాక అరలన్నీ తీసి చూసింది. బాల్కనీ వెతికింది. "యాడ పెట్టినార్రా నా సంచి?"

"పాతసామాన్లాయనకు ఇచ్చేసినా మా. చెదలు పట్టినాయి," అన్నాడు చిన్నాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

చెదలు పట్టలేదని ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడితో గొడవ ఎందుకని నాన్న ఊరుకున్నాడు. జేజి లోపలికెళ్లి మంచం మీద కూర్చుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు సంగటి చేసినా "ఆకలి లేదు" అనేది...

పోయినేడాది చిన్నాయన చందానగర్ దగ్గర విల్లా కట్టుకున్నాడు. గృహప్రవేశానికి జేజిని తీసుకెళ్లాం. అప్పటికి ఆమెకు చూపు దాదాపు పోయింది.

హాల్లో ఒక గోడ నిండా కవ్వాలు, తెడ్లు, పప్పుగుత్తులు... పైన పసుపురంగు లైట్లు. వచ్చినవాళ్లు వాటి ముందు సెల్ఫీలు దిగుతున్నారు.

"నూటేభై ఏండ్ల నాటివంట సార్. డిజైనర్ ఏరి ఏరి తెచ్చినాడు," అంటున్నాడు చిన్నాయన.

"దేనికి వాడేవారండీ?" అని ఒకాయన అడిగాడు.

"ఏదో... వంటకు."

జేజి గోడ దగ్గరికి తీసుకెళ్లమంది. ఒక తెడ్డును తడిమి, గోరుతో గీకి, వాసన చూసింది. "ఇది నిన్నమొన్న చేసింది. పైన రంగు పూసినారు."

పక్కనున్న కవ్వం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. కాడ చుట్టూ తాడు తిరిగి తిరిగి పడిన గాడి వెంబడి వేలు నడిపింది. "ఇది మాత్రం నిజంగా చిలికిందే... నాది గాదు. నాకన్నా పెద్దామెది."

చిన్నాయన వచ్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు. "బాగుండాయి గదా మా?"

"యావమ్మదిరా ఇది?" అంది జేజి. "ఆమె ఇంట్లో ఉన్నెప్పుడు తెచ్చినారా, లేనెప్పుడు తెచ్చినారా?"

ఫొటోలు తీసేవాళ్లు ఫోన్లు దించేశారు. చిన్నాయన ముఖం నల్లబడింది. "ముసలామె... ఏదో అంటాంటాది," అని అందర్నీ భోజనాల వైపు నడిపించాడు. జేజి ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఈ వేసవిలో పోయింది.

ఆ గోడ అలాగే ఉంది. మొన్న మా అమ్మాయి అక్కడి పప్పుగుత్తిని ఫోన్‌తో ఫొటో తీసి ఇదేంటని వెతికితే, తెర మీద "అలంకరణ వస్తువు" అని వచ్చింది. నేను నోరు తెరిచేలోపే చదివేసుకుని వెళ్లిపోయింది...

మీ ఇళ్లలో ఇలాంటివి ఉండేవా? అయితే వస్తువు పేరు వద్దు... దాన్ని అరగదీసిన మనిషి పేరు కింద రాయండి.

మా జేజి పేరు ఓబుళమ్మ.