వెండికొండ అంకుల్

"అంకుల్ వెండికొండకి వెళ్ళిపోయారమ్మా." శుక్రవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ బస్సులో ఆంటీ మెసేజ్ చూశాను. "హ్యాపీ జర్నీ చెప్పండి ఆంటీ" అని కొట్టి పంపాను. ఇప్పుడు తల తీసి ఎక్కడ పెట్టుకోను!

వెండికొండంటే కైలాసమని నాకు తెలియదా ఏంటి? కానీ మా కింది ఫ్లాట్ అంకుల్‌కి ఇంకో వెండికొండ ఉండేది. కుర్రతనంలో ఆయన జియాలజిస్టుగా పనిచేసిన, ఎడారిలోని పాత వెండి గనుల ఊరిని అలా పిలిచేవారు. ఒక్కసారి మళ్ళీ చూసొస్తానని ఆర్నెల్లుగా అంటున్నారు. వెళ్ళారనే అనుకున్నాను. రెండు స్టాపులు దాటాక ఆంటీ ఫోన్ చేస్తే, లీసెస్టర్ బస్సులో అందరి ముందూ భోరుమన్నాను.

ఎక్కడ రాయి కనబడినా అంకుల్ నాలికతో తడిపి చూసేవారు. తడిస్తేనే రాయి అసలు రంగు తెలుస్తుందట. కౌన్సిల్ వాళ్ళు పేవ్‌మెంట్ తవ్వితే చాలు, ఆయన అక్కడ హాజరు. "అన్నంలో రాయొస్తే కంచం తోసేస్తారు, రోడ్డు మీద రాళ్ళు మాత్రం చప్పరిస్తారు" అని ఆంటీ దెప్పేవారు. "నీ అన్నంలో రాయికి రుచి లేదోయ్" అనేవారాయన.

నేను మాస్టర్స్‌కని ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో, హీటింగ్ వెయ్యడం రాక వణుకుతుంటే పైకొచ్చి నేర్పింది ఆయనే. హాస్పిటల్ ఫార్మసీలో ఉద్యోగం వచ్చాక కూడా నా ఆదివారాలు వాళ్ళింట్లోనే. ఆయన నోటుబుక్కు చూసి చదువుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో కొట్టేదాన్ని. అది ఆ ఊరి చరిత్ర. కొండలో వెండి చార దొరికి గుడారాలు వేసినవాళ్ళు, నీళ్ళు మోసిన ఒంటెలు, రొట్టెల బట్టీ, బడి. చివరికి చార సన్నబడిపోతే, ఇంకా వెండి ఉందో లేదో తేల్చమని కంపెనీ అంకుల్‌ని పంపింది. లేదని రిపోర్టు రాశారు. కొన్నాళ్ళకే ఊరు ఖాళీ.

"వెండి అయిపోయిందని రాశానమ్మాయ్. మనుషులు అయిపోయారని రాయలేదే!" అనేవారు. అందుకే ఆ పుస్తకంలో ఒక్క మనిషి పేరు కూడా తప్పిపోకూడదని పట్టుదల.

ఒక్క పేరే మిగిలింది. రిపోర్టు ఇచ్చిన రోజు ఊరంతా మొహం తిప్పుకుంటే, పిలిచి టీ ఇచ్చిన ఆవిడది. ఎంత బుర్ర గోక్కున్నా గుర్తురాలేదు. అది లేకుండా పుస్తకం ముగించనని కూర్చున్నారు.

మంగళవారం ఫోన్ చేశారు. "అమ్మాయ్, పేరు దొరికింది! ఫోన్లో చెప్పను. వచ్చి నీ చేత్తో కొట్టు."

"డ్యూటీల రోటా టైట్‌గా ఉంది అంకుల్, శనివారం వస్తా" అన్నాను. ఆ శనివారం ఆయన చూడలేదు. శుక్రవారం మెసేజ్ చూసి, పేరు దొరికిన హుషారులో టికెట్ కొనేసి ఉంటారనుకున్నానే, నా అంత మొద్దు ఎవరైనా ఉంటారా? కిందకి దిగడానికి పదమూడు మెట్లు. నా మీద నాకు ఇంకా కోపమే.

"నాకూ చెప్పలేదమ్మా. ముందు నీకే చెప్పాలన్నారు" అన్నారు ఆంటీ, ఆయన లేని ఓ ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని ఆ పేరేమిటని అడిగితే. నోటుబుక్కులోనూ ఆ చోటు ఖాళీనే.

"ఏదైనా పేరు పెట్టనా ఆంటీ?"

"వద్దు. ఆయన ఒప్పుకోరు. అలాగే ఉంచు."

ప్రింటు తీసిన ఆ చివరి పేజీ కిటికీ గాలికి లేస్తోంది. దాని మీద పెడదామని, అంకుల్ ఎడారి నుంచి తెచ్చుకున్న రాయి తీశారు ఆంటీ. నేను ల్యాప్‌టాప్ మూసి ఇటు తిరిగేసరికి, ఆవిడ ఆ రాయిని నాలిక చివర తడిపి, వెలుతురులో రంగు చూస్తున్నారు.