ఎడమకాలి ఆటగాడు వెళ్లిపోయిన ఏడు

మా నిర్మల్ ఫుట్‌బాల్ టీం కరీంనగర్ పోటీలకు వరసగా మూడేళ్లు వెళ్లింది. మూడేళ్లూ మొదటి ఆటలోనే ఓడి, మూటగట్టుకున్న సద్ది అయిపోకముందే తిరిగొచ్చింది. వాళ్లతో పాటు నేనూ వెళ్లేవాణ్ణి. నేను ఆటగాణ్ణి కాను. మిడిల్ స్కూల్లో తెలుగు పంతుల్ని. పోలీస్ యాక్షన్ తర్వాత బళ్లలో ఉర్దూ తగ్గి తెలుగు వచ్చినప్పుడు నాకా ఉద్యోగం దొరికింది. గీత బయట నిలబడి గొంతు పోయేలా అరవడం, తిరుగు బస్సులో ఎవరెవరు ఎక్కడెక్కడ తప్పు చేశారో పేరుపేరునా విడమరిచి చెప్పడం, టీంలో నా పని ఇదే. ఆ పని ఎవరూ నాకు అప్పగించలేదు.

టీంను నడిపేది బజారులో సైకిళ్లు కిరాయికిచ్చే ఒక ముసల్మాను. నిజాం ఫౌజులో ఉండగా ఆట నేర్చాడట. ఫౌజును రద్దు చేశాక మా ఊరొచ్చి దుకాణం పెట్టుకున్నాడు. ఒక మోకాలు వంగదు కనుక తాను ఆడలేడు, ఆడిస్తాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. గోల్‌కీపర్ కొయ్యబొమ్మలకు రంగులు వేసే మనిషి. ఎంత కడుక్కున్నా గోళ్లలో పసుపో ఎరుపో మిగిలే ఉండేది. మిగతావాళ్లలో సాలెలు, కూలీలు, ఒక కసాయి. అందరివీ ఉత్త కాళ్లే. ఆ మూడేళ్లలో కరీంనగర్‌లో మా లెక్కలోకి వచ్చింది ఒకే ఒక్క గోల్. అది కూడా అవతలి టీంవాడు పొరపాటున తన గోల్‌లో తానే వేసుకున్నది.

యాభై ఆరులో ఎండాకాలం చివర తహసీల్ ఆఫీసుకు ఒక గుమాస్తా బదిలీ మీద వచ్చాడు. మరాఠీవాడు, నాందేడు దగ్గరి పల్లె. ఒకనాటి సాయంత్రం గొడుగు పట్టుకుని మైదానం పక్కనుంచి వెళుతుంటే బంతి దొర్లుకుంటూ ఆయన ముందుకు పోయింది. గొడుగు మూయకుండానే ఎడమకాలితో ఒక్క తాపు తన్నాడు. బంతి మైదానం ఆ చివర ఉన్న గోల్ కట్టెకు టక్కున తగిలింది. ఉస్తాద్ కుంటుకుంటూ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, రేపటి సంది ఆఫీసు కాంగనే ఇటే రావాలె."

ఆ వానాకాలమంతా బురదలో సాధన చేశారు. గుమాస్తా ఎడమవైపు బంతి అందుకుంటే ఇక ఆపేవాడు లేడు. వినాయక చవితి రోజుల్లో ఆదిలాబాద్ నుంచి పత్తి మిల్లుల టీం వచ్చి ఆడితే మూడు గోల్స్ తేడాతో ఓడించాం. రెండు ఆయనవే. అంత గట్టి టీంను మేం ఓడించడం నేనెన్నడూ చూడలేదు.

ఇక నాకు నిద్రపట్టలేదంటే అబద్ధం కాదు. ఈసారి కప్పు మనదే అనుకున్నాను. సంధి సూత్రం చెబుతూ చెబుతూ బోర్డు మీద పదకొండు చుక్కలు పెట్టి గీతలు గీసేవాణ్ణి. సద్దుల బతుకమ్మ నాడు మా ఇంటామె తంగేడు పూలు తెమ్మని పంపితే దారిలో మైదానం దగ్గర ఆగాను. పూలు లేకుండా ఇంటికి చేరేసరికి పొద్దు గుంకింది.

"పూలేవి?" అంది. ఖాళీ చేతులు చూపించాను. "గా తోలు బంతినే నడిమిట్ల పెట్టి ఆడుకోమంటవా ఆడోళ్లను?"

దసరా వెళ్లాక ఆర్డర్లు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలవుతోంది. మేం ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి. ఉద్యోగులను పంచుతున్నారు. గుమాస్తా పేరు బొంబాయి జాబితాలో ఉంది. నవంబరు మొదటి తారీఖుకల్లా వెళ్లి చేరాలి. కరీంనగర్ పోటీలు దీపావళి తర్వాతి వారం.

నేను తిన్నగా తహసీల్దారు దగ్గరికి వెళ్లాను. పది రోజులు ఆపమని బతిమాలాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"రాష్ట్రమే పోతున్నది పంతులూ. నువ్వు బంతి ముచ్చట చెప్తున్నవ్."

అక్కణ్ణుంచి గుమాస్తా గదికి వెళ్లాను. ఆయన ట్రంకు సర్దుకుంటున్నాడు. తెలుగు మాతో ఉండి నేర్చుకున్నదే.

"ఎండకాలంలనే కాయిదం మీద దస్కత్ చేసిన గురూజీ. బొంబాయి దిక్కే కావాలని రాసిచ్చిన. గప్పుడు నాకు ఈ ఊర్ల ఎవ్వలు తెల్వది. మా ఆయికి, గదే మా అమ్మకు, కండ్లు కనవడయి, ఇంట్ల ఒక్కతే ఉన్నది."

"మరి గా ముచ్చట ముందుగాల చెప్తే ఏమైతుండె? గిన్ని దినాలు మాకు ఆశ పెట్టుడెందుకు?"

ఆయన తల వంచుకున్నాడు. "చెప్తే ఆడనియ్యరని భయమైంది."

 నా కోపం మాత్రం తగ్గలేదు. చేతులు ఊపుకుంటూ బయటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఉస్తాద్ ఆయన ట్రంకును సైకిలుకు కట్టి భైంసా బస్సు దాకా తోసుకుపోయాడట. టీం అంతా వెళ్లింది. నేను వెళ్లలేదు. బడికి తొందరగా పోయి పిల్లల మీద అరిచాను.

ఆయన స్థానంలో ఒక సాలె యువకుణ్ణి నిలబెట్టారు. అతనికి ఎడమకాలు నడవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అయినా ఏదో ఆశ. తీరా బయలుదేరే రోజు కసాయికి చలిజ్వరం. రెండు గొంగళ్లు కప్పుకుని వణుకుతున్నాడు. సోన్ దగ్గర గోదావరి దాటుతూ బస్సులో లెక్కపెట్టుకుంటే ఆటగాళ్లు పదిమందే. కరీంనగర్‌లో ఒకణ్ణి అడిగి తెచ్చుకుందామని నేనే సలహా చెప్పాను. అక్కడికి వెళ్లాక బయటి ఊరివాణ్ణి ఆడించడానికి పోటీలు నడిపేవాళ్లు ఒప్పుకోలేదు.

మైదానం గట్టున ఉస్తాద్ నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"పంతులు సాబ్, ధోతి విడిచి గీ నిక్కరు తొడుక్కోండ్రి."

"నేనా? నాకు ముప్పై ఆరేండ్లు!"

"ఫికర్ చెయ్యకుండ్రి. మూడేండ్ల సంది అందరికి ఎట్ల ఆడాల్నో మీరే చెప్తున్నరు. మీకంటె ఎక్వ ఎవలకెరిక?"

ఎగతాళి చేశాడేమోనని మొహంలోకి చూశాను. చేయలేదు. నిజంగానే అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

నన్ను గోల్‌కు దగ్గరగా, కుడివైపు నిలబెట్టారు. బయటినుంచి చూసినప్పుడు ఆ మైదానం అరచేతంత కనిపించేది. లోపల అటు చివర మనిషి చీమలా ఉన్నాడు. పావుగంటకే నోరు ఎండిపోయింది. బంతి నా వైపు వస్తే ఏం చేయాలో నాకు తెలుసు. తెలిసినట్టు చేసేలోపు ఎవడో వచ్చి తీసుకుపోయేవాడు. అయినా మా గోల్‌కీపర్ ఆ రోజు దేవుడిలా ఆడాడు. పడుతూ లేస్తూ ఎన్ని ఆపాడో. సగం ఆట దాటినా గోల్ పడలేదు.

ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా బంతి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా నా మీదికే దొర్లుకుంటూ వచ్చింది. గోల్‌కీపర్ పట్టుకోవడానికి ముందుకొచ్చాడు.

"ఆగు, ఆగు, నాది!" అని అరిచాను.

అతను ఆగాడు. నేను కాలు ఎత్తి బలమంతా పెట్టి తన్నాను. బొటనవేలు నేలకు తగిలింది. బంతి నా కాళ్ల మధ్యనుంచి వెళ్లిపోయింది. బంతి వెంటే వస్తున్న కరీంనగర్ ఆటగాడు ఖాళీ గోల్‌లోకి దాన్ని మెల్లగా నెట్టాడు.

ఆ తర్వాత మాకూ ఒక అవకాశం వచ్చింది. ఎడమవైపు సాలె యువకుడి ముందు ఎవరూ లేరు. ఎడమకాలితో తన్నాల్సిన బంతిని కుడికాలికి మార్చుకోబోయి బయటికి కొట్టాడు. నేను తిట్టబోయి నోరు మూసుకున్నాను. విజిల్ మోగింది.

తిరుగు బస్సులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. గోల్‌కీపర్ తన సద్దిలోంచి సగం రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు. నాలుగు మాటలంటే కొంత తేలికయ్యేది. ఆర్మూరు దాకా గోల్ గురించే ఆలోచించాను. ఆర్మూరు దాటాక గుమాస్తా మీద కోపం వచ్చింది. ఆయన ఉండి ఉంటే రెండు వేసేవాడు, నా తప్పు ఎవరికీ గుర్తుండేది కాదు. ఇల్లు చేరేసరికి ఆ కోపం నా మీదికే తిరిగింది.

గడపలో మా ఇంటామె, "గెలిచిండ్రా?" అని అడిగింది.

"నేను ఆడిన."

వాచిన నా బొటనవేలు చూసింది. "గట్లయితే ఓడిండ్రు," అని నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది.

మాఘంలో గుమాస్తా నుంచి ఉస్తాద్‌కు ఉర్దూలో కార్డు వచ్చింది. ఆట ఏమైందని అడిగాడు. తానున్న ఊళ్లో టీం లేదట, మైదానం కూడా లేదట. ఉస్తాద్ ఆ కార్డు నాకిచ్చి, "జవాబు మీరే రాయుండ్రి" అన్నాడు. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. చివరికి ఒక్క గోల్‌తో ఓడామనీ, ఆ గోల్ నా వల్లే పడిందనీ, బస్సు దగ్గరికి రాకపోవడం నా తప్పనీ రాశాను. మళ్లీ ఉత్తరం రాలేదు. చేరిందో లేదో తెలియదు.

తొలకరి పడగానే సైకిల్ దుకాణం ముందు ఉస్తాద్ బంతిలో వేసే కొత్త బ్లాడరుకు గాలి కొడుతున్నాడు. ఎడమకాలివాణ్ణి వెతక్కపోతే ఈసారీ అంతేనన్నాను. ఉన్నోళ్లతోనే ఆడాలె అన్నాడు ఆయన. ఆదిలాబాద్ టీంలో ఒకడున్నాడు, పిలుద్దామన్నాను. వాడు మనూరికెందుకొస్తడు అన్నాడు. వాన పెద్దదై దుకాణం తడికె కింద ఇద్దరం నిలబడాల్సి వచ్చింది. అక్కడ కూడా పోట్లాట ఆగలేదు. ఆ ఏడు కూడా మొదటి ఆటలోనే ఓడిపోయాం.