స్వర్ణలత ఫోనుకు వేసిన తాళం

బేతంచర్ల చుట్టుపక్కల గనుల్లో పనిచేసేవాళ్లకు స్వర్ణలత మీద ఒక నమ్మకం ఉండేది. ఆమె నోరు జారదు. ఆమె ఒక చిన్న దినపత్రికకు విలేకరి. ఆ పనితో పొయ్యి వెలగదు కాబట్టి బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు మాటల్లో మాటగా చెప్పినవే సగం వార్తలయ్యేవి. ఈ సంగతి నీకెవరు చెప్పారని ఎంత పెద్దవాడు వచ్చి అడిగినా, "గాలి చెప్పింది సార్" అనేది, దారం కొరికి మళ్లీ మిషను తొక్కేది. తండ్రి కోడుమూరులో మగ్గం నేసినవాడు. పోగు తెగితే అతుకుతుంది గానీ మాట తెగితే అతకదని ఆయన అనేవాడు. ఆమె దాన్ని పట్టుకుని బతికింది.

సున్నపురాయి గనిలో డ్రిల్లింగు మిషను నడిపే దావీదురాజు ఆమె దగ్గరికి వచ్చింది ఆ నమ్మకంతోనే.

ఆ వారం గనిలో రాతిచరియ విరిగి సుబ్బన్న అనే కూలీ మీద పడింది. కోసిగి నుంచి భార్య ఉరుకుందమ్మతో వలస వచ్చినవాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. గనిలో చచ్చాడంటే విచారణలొస్తాయి, గని మూతపడుతుంది. అందుకని శవాన్ని టిప్పర్లో వేసుకుపోయి పెద్దరోడ్డు పక్కన పడుకోబెట్టారు. గుర్తు తెలియని లారీ గుద్దిపోయిందని రాయించారు. టిప్పర్లోకి శవాన్ని ఎత్తడం దావీదురాజు పైన మిషను దగ్గర నిలబడి ఫోన్లో తీశాడు. తీసి, 'అక్కా, నా పేరు మాత్రం వద్దు' అని కింద రాసి స్వర్ణలతకు పంపాడు. తర్వాత తానే వచ్చాడు.

"అక్కా, నాకు నిద్ర పట్టడంల్యా. సుబ్బన్న నా పక్కనే బువ్వ తినేటోడు. ఇది ఎట్లన్నా బయటికి రావల్ల. నా పేరు మాత్రం వద్దు."

ఆమె వీడియో చూసింది. చూసిన వెంటనే ఆమెకు అర్థమైంది, ఇది బయటపెడితే తీసిందెవరో చెప్పనక్కర్లేదని. ఆ ఎత్తులో ఆ పూట ఉన్నది అతనొక్కడే.

"ముందు ఉరుకుందమ్మకు కర్నూల్లో ఒక లాయర్ని చూస్తా. ఆయమ్మ కేసు వేసినాక, కోర్టులో నీకు భద్రత అడిగి అప్పుడు ఇద్దాం. అంతదాకా నీ ఫోన్లో తుడిచెయ్ దావీదూ. నీ ఫోను ఎవురన్నా గుంజుకుంటే కష్టం. నా దగ్గర పదిలంగా ఉంటాది."

అతను అక్కడే తుడిచేశాడు. ఆమె కూడా దాన్ని ఇంకో చోట పెట్టలేదు. నాలుగు చోట్ల దాస్తే నాలుగు చోట్ల నుంచి పోతుందని ఆమె లెక్క. ఫోనుకు తాళం ఉంది. ఆ తాళం అంకెలు కన్నతల్లికి కూడా తెలియవు. పత్రికలో మాత్రం 'కూలీ మృతిపై అనుమానాలు' అని చిన్న ముక్క రాసింది. డెస్కులో వాళ్లు దాన్ని ఇంకా చిన్నది చేసి లోపలి పేజీలో వేశారు.

అంత చిన్న ముక్క కూడా గని యజమాని కొడుకు భూపేష్ కంట పడింది. అతను కోప్పడలేదు. గనిలో భద్రతా వారోత్సవాలు చేస్తున్నామని విలేకరులందరినీ పిలిచాడు. ఆమెకైతే తనే ఫోన్ చేసి, "అక్కా, మీరు తప్పకుండా రావల్ల. మీకేమన్నా అనుమానాలుంటే కండ్లతో చూసుకోండి" అన్నాడు.

గేటు దగ్గర ఫోన్లన్నీ ఇచ్చి లోపలికి పోవాలన్నారు. లోపల మందు పేలుస్తారు, ఫోన్ల వల్ల ప్రమాదం. అది నిజమైన నియమమే, ఏ గనిలోనైనా ఉండేదే. ఆమె ఫోనుకు తాళం పడిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసి ఇచ్చింది. ఆఫ్ చేసి ఇవ్వాలని తోచలేదు. లోపల కొత్త హెల్మెట్లు, కొత్త బూట్లు చూపించారు. భోజనాలు పెట్టారు. తిరిగొచ్చేసరికి ఫోను ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది, తాళం వేసింది వేసినట్టే ఉంది. చేతికి కొంచెం వెచ్చగా తగిలింది. ఎండకనుకుంది.

ఆ వారం తిరక్కుండానే భూపేష్ దావీదురాజును ఆఫీసుకు పిలిచాడు. ఒక కాగితం ముందు పెట్టి చదవమన్నాడు. దావీదురాజు చదివాడు. 'అక్కా, నా పేరు మాత్రం వద్దు' అన్న మాట దగ్గర ఆగి, కాగితం కింద పెట్టేశాడు. అవి స్వర్ణలతకు తను పంపిన మాటలే, అక్షరం పొల్లుపోలేదు.

భూపేష్ కేకలు వేయలేదు. చేయి చేసుకోలేదు. గనిలో కొంత పేలుడు మందు లెక్క తగ్గిందని, ఆ దొంగతనం ఎవరో ఒకరి మీద రాయాలి కదా అని మాత్రం అన్నాడు. ఉంటున్న ఇల్లు కంపెనీది. భార్య మరియమ్మ చేసేది కూడా ఆ గనిలోనే. మర్నాడు దావీదురాజు లారీ ప్రమాదం మీద జరుగుతున్న పోలీసు విచారణకు పోయి, సుబ్బన్నను లారీ గుద్దడం తన కళ్లతో చూశానని చెప్పాడు. చెప్పించుకున్నాక వాళ్లు ఉద్యోగమూ తీసేశారు, ఇల్లూ ఖాళీ చేయమన్నారు.

సంగతి తెలిసి స్వర్ణలత పరిగెత్తింది. దావీదురాజు గడప మీద కూర్చుని ఉన్నాడు. లోపల మరియమ్మ సామాను మూటలు కడుతోంది.

"దావీదూ, నేను ఎవురికీ చెప్పలేదప్పా. మా అమ్మ మీద ఒట్టు."

"నువ్వు చెప్పకపోతే ఆ మాటలు కాళ్లొచ్చి నడుచుకుంటా పోయినాయామ్మా?" రోజూ అక్కా అనేవాడు అమ్మా అన్నాడు. "నా ఫోన్లో తుడిచేయమంటివి. తుడిచేసినా. ఇంగ ఉండేది నీ దగ్గరేనంటివి. ఎంతకు ఇచ్చినావో గానీ, శానా తక్కువకే ఇచ్చింటావులే. మాలాంటోళ్ల బతుక్కి పెద్ద ధర ఏం పలుకుతాది?"

"ఫోను నా చెయ్యి దాటలేదు..." అంటూనే ఆమె ఆగింది. దాటింది. ఆ గేటు దగ్గర దాటింది. "కానీ తాళం వేసి ఇచ్చినా గదా!"

మరియమ్మ బయటికొచ్చి, వాకిట్లో ఆమె నిలబడ్డ చోటు వదిలేసి మిగతా అంతా ఊడ్చింది.

ఇంటికొచ్చి స్వర్ణలత వీడియో కోసం వెతికింది. లేదు. ఉన్న చోట లేదు, చెత్తబుట్టలోనూ లేదు. కనీసం అది ఉందన్న ధైర్యంతోనే ఆమె ఇంతసేపూ నిలబడింది. అప్పుడు మాత్రం మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మైదుకూరు అమ్మాయి శివాని కర్నూల్లో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఎవరి ఫోనైనా చొరబాటుకు గురైందేమోనని పరీక్షించడం ఆమె చదువులో భాగం. స్వర్ణలత ఫోను తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లింది. శివాని రెండు రోజులు ఉంచుకుంది. మళ్లీ పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టింది.

"అక్కా, నువ్వు గనికి పోయిన రోజు మధ్యాహ్నం నీ ఫోనుకు ఎవురో ఒక వైరు పెట్టినారు. ఆ వైరు అవతల ఉండే పెట్టె, నేను కెమెరాను అని చెప్పింది."

"కెమెరానా?"

"ఉత్తదే. ఫోన్లో అన్నిటికన్న అడుగున ఒక ప్రోగ్రామ్ ఉంటాది. కెర్నెల్ అంటారు. నీ తాళం, నీ ఫోటోలు, నీ మాటలు అన్నిటికీ అదే కాపలా. ఏ వైరు పెట్టినా ఎవురు నువ్వు అని అడిగేది కూడా అదే. తాళం వేసున్నా అడుగుతుంది. ఒకడు ఇంటికొచ్చి శేరు గింజలు తెచ్చినా అని చెప్పి, శేరు పట్టే గిన్నె పెట్టించుకుని, అంతకన్న పెద్ద కొలత, పడి నిండా పోసినాడనుకో. ఏమైతాది?"

"పొర్లిపోతాయి."

"పొర్లి పక్క గిన్నెలో పడతాయి. ఈ పెట్టె చేసిందదే. ఇంత తెచ్చినా అని చెప్పింది, అంతకన్న ఎక్కువ పోసింది. కెర్నెల్ కొలిచి చూసుకోలా. పొర్లింది పోయి పక్కన కాపలా లెక్కలుండే చోట పడింది. ఏం పొర్లించాలో వాళ్లకు ముందే తెలుసు. అట్ల కాపలా వాళ్ల చేతికి పోయింది. నీ తాళం పగలగొట్టలేదక్కా. దాని జోలికే పోలేదు."

స్వర్ణలత ఫోను చేతిలోకి తీసుకుని, వైరు పెట్టే చోటును తిప్పి చూసింది. తర్వాత అడిగింది. "ఇట్లాంటి బొక్క ఉందని ఎవురికీ తెలీదా?"

శివాని తల దించుకుంది. "తెలుసు. అంతకు శానా నెలల ముందే కనుక్కున్నారు. సరిచేసినారు కూడా. ఒకే ఒక్క లైను, కొలిచి చూసుకో అని. కెర్నెల్ రాసేవాళ్ల దగ్గర బాగైపోయింది. అది ఫోన్లు చేసే కంపెనీలు తీసుకుని పంపించాల. నీ ఫోను పాత మోడల్. దానికి పంపడం మానేసినారు. కాలువకు నీళ్లు వదిల్తే చివరి ఆయకట్టుకు చేరకపోయినట్టు."

"ఇది కాగితం మీద రాసిస్తావా?"

"రాసిస్తా. వైరు పెట్టినారని రాయగలను. పెట్టింది ఎవురో రాయలేను."

శివాని రాసిచ్చింది. దాంతో స్వర్ణలత తిరగని చోటు లేదు. ఫిర్యాదు తీసుకున్న అధికారి ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "తాళం బాగానే ఉంది, ఫోను నీ చేతిలోనే ఉంది, మరి ఏం పోయిందమ్మా?" అన్నాడు. ఫోను కంపెనీకి రాస్తే, ఆ మోడల్‌కు తమ బాధ్యత ముగిసిందని, కొత్త ఫోను కొంటే ఈ ఇబ్బంది ఉండదని జవాబొచ్చింది. డెస్కులో ఉన్న పెద్దమనిషి, "ఇది మన పాఠకులకు అర్థం కాదు స్వర్ణా" అన్నాడు. గనివాళ్ల ప్రకటన ఆ ఆదివారం ఆఖరి పేజీ నిండా వచ్చింది.

బేతంచర్లలో మాత్రం అందరికీ బాగా అర్థమైంది. స్వర్ణలత అమ్ముడుపోయింది. అంతకన్న సులువైన మాట ఇంకోటి ఉంటే కదా! జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కొలతలిచ్చేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. మాటలు మాత్రం ఉండేవి కావు.

దావీదురాజును ఆ చుట్టుపక్కల ఏ గనిలోనూ పెట్టుకోలేదు. మొగుడూ పెళ్లాం గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతున్నారని విని, ఆమె పొద్దున్నే కూలీలు బండి ఎక్కే చోటికి వెళ్లింది. అతను మూట మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి పోలేదు. ఆమె శివాని చెప్పిందంతా చెప్పింది. వైరు, కెమెరా అని చెప్పిన పెట్టె, పొర్లిన గింజలు, ఎక్కడో బాగై తన దాకా రాని కెర్నెల్.

"అయితే నువ్వు అమ్ముకోలేదు" అన్నాడు చివరికి.

"లేదప్పా."

"నమ్ముతాండా అక్కా. ఇంత అబద్ధం కల్పించే తెలివి నీకు లేదు." అతని ముఖంలో నవ్వు లేదు. "కానీ ఈ మాట ఇంగ నేనేం చేసుకోవల్ల? నువ్వు అమ్మినావనుకున్నప్పుడు నాకు కొంచెం సులువుగా ఉండె. నన్ను మోసం చేసినారు గాబట్టి నేను అబద్ధం చెప్పినా అనుకుంటాంటి. ఇప్పుడు మోసం చేసిందెవురు? ఒక వైరు. లారీ గుద్దింది నా కండ్లారా చూసినానని చెప్పిందెవురు? నేను. ఉరుకుందమ్మ ఆ పొద్దు నా మొగం చూసింది. తిట్టనుగూడ తిట్టలా. అట్లే చూసింది."

"నువ్వు మళ్లీ పోయి నిజం చెప్పు దావీదూ. నేను నీ పక్కన నిలబడతా."

"వీడియో ఉండాదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి ఎవురు నమ్మల్ల? యాడో బాగు చేసినారంటివే, అది మా దాకా రాలేదంటివే. మా దాకా ఏమొచ్చిందక్కా ఎప్పుడన్నా?"

బండి వచ్చింది. అతను మూటలు పైకి అందించి, మరియమ్మకు చేయిచ్చి ఎక్కించి, తనూ ఎక్కాడు. మరియమ్మ అప్పుడు మొదటిసారి స్వర్ణలతతో మాట్లాడింది.

"ఎండెక్కుతాంది. ఇంటికి పోక్కా."

ఆ తర్వాత నెలలో స్వర్ణలత కోసిగికి పోయి, సొంతూరికి తిరిగిపోయిన ఉరుకుందమ్మను కలిసింది. లాయరు దొరికాడని చెప్పింది. సాక్షి లేడని, సాక్ష్యం పోయిందని కూడా చెప్పింది. ఉరుకుందమ్మ అంతా విని, కేసు వేస్తే బేతంచర్లకు ఎన్నిసార్లు రావాలని అడిగింది. చాలాసార్లు రావాల్సి ఉంటుందని స్వర్ణలత చెప్పింది. ఉరుకుందమ్మ ఆలోచించి, వేద్దామంది. ఆ కేసు ఇప్పటికీ నడుస్తోంది. దావీదురాజు చెప్పిన లారీ సాక్ష్యమే ఇప్పటికీ అందులో గట్టిగా నిలబడి ఉంది.