మెడ మీద మచ్చ లేని ఆడమనిషి

ముత్తయ్యది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇల్లు. వల పట్టాల్సినవాడు మేడ్చల్‌లో సినిమా మిషను తిప్పాడు. నేను అదే హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. నన్నేమీ పెద్దమనిషి అనుకోకండి.

తొంభై ఆరులో మా హాల్లో పొద్దున ఆటకి పెద్దలకు మాత్రమే అనే బొమ్మలు పడేవి. అంతా మగవాళ్లే, తలకి తువ్వాలు చుట్టుకుని దొంగల్లా వచ్చేవాళ్లు. కథ వాళ్లకెందుకు? అందుకే ఓనరు సిద్దయ్య ఒక బిట్టు రీలు దాచి ఉంచేవాడు. ఊరూ పేరూ తెలియని ఒక ఆడమనిషి, ఒంటి మీద నూలుపోగు లేకుండా నాలుగు నిమిషాలు కనిపించేది. ఏ సినిమా వచ్చినా సరే, అందులో హీరోయిన్ తలుపేసుకోగానే ముత్తయ్య రెండో మిషను మీద ఆ రీలు ఆడించేవాడు. అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. అంత పనిమంతుడు, పాపిష్టి పనికి.

ఆ ఏడు ఒక విదేశీ సినిమా వచ్చింది. మాటలు మాలో ఎవరికీ తెలియవు. ఒక ఆడమనిషి, ఆమెను కోరుకునే ఇద్దరు మగవాళ్లు, వాళ్లలో ఒకడి హత్య. సిద్దయ్య పెళ్లికని ఊరెళ్లాడు. అదే అదనుగా ముత్తయ్య మూడు రోజులు దాన్ని బిట్టు లేకుండా ఆడించాడు. బిట్టు పడలేదని జనం బ్లేడ్లతో కుర్చీలు కోశారు. తిడదామని నేను పైన మిషను గదికి వెళితే, చెయ్యి పట్టుకుని మిషను పక్క గోడకున్న కంత దగ్గర నిలబెట్టాడు.

"సూడు. ఆమె వీపు మీద కిటికీ ఊచల నీడ వడ్డది. ఆమె ఊపిరి దీస్తే నీడ గుడ కదులుతాంది. ఇగ ఇను. సంపేటప్పుడు కత్తి సూపెట్టడు. నల్లా కాడ నీళ్ల సుక్క వడుతది, గంతే. గా సుక్క ఆగితే నా పానం ఆగుతది."

నాకు ఈలలు తప్ప ఏమీ వినపడలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ బొమ్మని తనలా చూసే మనిషి ఒక్కరు కావాలి, అదే అతని ఆశ. మర్నాడు పెళ్లాం సాలమ్మని తీసుకొచ్చాడు, పొద్దున ఆటకి. తల మీద కొంగు కప్పించి, వెనక మెట్ల మీదుగా.

సాలమ్మ కంతకి కన్ను ఆనించి గంటసేపు కదల్లేదు. "నవ్వుతాంది గని గామె కండ్లల్ల భయమున్నది. మెడ మీద మచ్చ ఎంత సక్కగున్నదో," అంది. ముత్తయ్య నా వైపు చూసి తలెగరేశాడు. అతని మొహంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

అప్పుడే సిద్దయ్య వచ్చాడు. బస్సు దిగి నేరుగా హాల్లోకి పోయి, కోసిన కుర్చీలు చూసి వస్తున్నాడు. "బిట్టు ఎక్కియ్యి. లేకుంటె తాళాలిచ్చి పో," అన్నాడు. తెర మీద ఆమె స్నానాల గది తలుపు వేసుకుంటోంది.

ముత్తయ్య ఎదురు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. చేతులకి అలవాటైన పని, అవే రీలు ఎక్కించాయి, అవే మిషను మార్చాయి. కింద హాలు హోరెత్తింది.

సాలమ్మ కంత వదిలి ఇటు తిరిగింది. "గీమె గామె గాదు. మెడ మీద మచ్చ లేదు," అంది. భర్త చేతుల వంక కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మూడో రోజు సాలమ్మ అన్నం పెడుతూ అతన్ని ఒక్క మాట అడిగిందట. "గా ఇద్దరాడోళ్లకు ఎరుకేనా, నువ్వు ఒకామె మొగానికి ఇంకొకామె పెయ్యి అతికిస్తున్నవని?"

ఏం చెప్పావని అడిగాను.

"ఏం జెప్పాలె? ఇరవై ఏండ్ల సంది మిషను దిప్పుతున్న, నాకు గా సోయే రాలె," అన్నాడు ముత్తయ్య.

ఇంతలో ఆట టైమైంది. నేను కిందికి దిగి గేటు తీశాను. అతను బిట్టు రీలు అందుకున్నాడు.