దేవరెద్దుకు యజమాని

నిన్న పొద్దున మా వీధిలోకి మున్సిపాలిటీ ఆటో ఒకటి మైకు పెట్టుకొని వచ్చింది. పశువుల యజమానులకు హెచ్చరిక అని మొదలుపెట్టి, రోడ్ల మీద గొడ్లను వదిలితే పట్టుకుపోతామని, జరిమానా వేస్తామని, విడిపించుకోకపోతే వేలం వేస్తామని, రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుంటూ పోయింది. వెనకాలే వచ్చిన బండిలోంచి నలుగురు దిగి, టీ కొట్టు ముందు పడుకొని నెమరు వేస్తున్న ఎర్రావును లేపి, "ఎవురిదప్పా ఇది?" అని అడిగారు. ఆ ఆవు టీ కొట్టాయనదే. మొన్నమొన్నటి దాకా దాని పాలతోనే టీ కాచి మా అందరికీ పోశాడు. వట్టిపోయినప్పటి నుంచి అది రోడ్డున పడి అట్టపెట్టెలు తింటూ తిరుగుతోంది. ఆయన తల ఎత్తకుండా, "ఎవురిదో ఏమో సార్, నాకు తెల్దు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో పాల ప్యాకెట్టు పట్టుకొని అక్కడే నిలబడిపోయాను.

యజమాని అనే మాట ఎక్కడ విన్నా నాకు మా నాయన గుర్తుకొస్తాడు. జీవితమంతా ఒకరి కింద పనిచేసిన మనిషి. ఆయనను యజమాని అని ప్రభుత్వం పిలిచింది ఒక్క ఎద్దు విషయంలోనే, ఆ ఎద్దు కూడా ఆయనది కాదు.

మాది కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో ఒక చిన్న మున్సిపాలిటీ. పంచాయతీగా ఉన్నప్పుడు బాగానే ఉండేదని, మున్సిపాలిటీ అయినాక నీళ్లు రాలేదు గానీ నోటీసులు మాత్రం బాగా వచ్చాయని మా అమ్మ అనేది. మా నాయన ఊరి బయట నాపరాళ్ల గనిలో బండలు కొట్టేవాడు. వానలు పడితే, మార్కెట్టుకు అవతల ఉండే పెద్దింటి అవ్వ పొలంలో శనగ కొయ్యడానికి, ఎద్దులు తోలడానికి పోయేవాడు. మా ఇల్లు మార్కెట్టుకు ఇవతల, చర్చి వీధిలో. ఆ వీధిలో అందరమూ మిషను కాలం నుంచి క్రైస్తవులమే, అందరమూ కూలి చేసుకునేవాళ్లమే.

ఆ అవ్వకు ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు వాడికి జ్వరం తగిలి, ఇక దక్కడని డాక్టరే చెప్పినప్పుడు, ఆమె ఈశ్వరునికి మొక్కుకొని, వాడు లేచి కూర్చున్నాక తన ఇంట్లో పుట్టిన కోడెదూడకు తొడ మీద త్రిశూలం ముద్ర వేయించి గుడి ముందు వదిలేసింది. అలా వదిలిన దాన్ని దేవరెద్దు అంటాం. దాని మెడకు పలుపు తగలకూడదు, కాడి ఎత్తకూడదు, ఎవరూ నాది అనకూడదు. అది తెల్లగా, ఎడమ కొమ్ము వంకరగా, గున్న ఏనుగంత పెరిగింది. మార్కెట్టులో దానికి ఏ గంప ముందు ఆగాలనిపిస్తే ఆ గంప ముందు ఆగేది. కూరగాయలమ్మే ఆడవాళ్లు నోటికొచ్చినట్టు తిడుతూనే రెండు వంకాయలు ముందుకు తోసి, మూపురం ముట్టుకొని కళ్లకద్దుకునేవాళ్లు. పొద్దున్నే మా వాకిటికి కూడా వచ్చి, మా అమ్మ కుండలో పోసిపెట్టిన గంజి తాగి పోయేది. మతం సంగతి దానికెవరూ చెప్పలేదు పాపం.

నేను హైస్కూల్లో ఉండగా ఊరికి కొత్త కమిషనరు వచ్చాడు. తప్పెట కొట్టించి ఊరంతా చాటింపు వేయించాడు. వీధుల్లో తిరిగే పశువులన్నిటినీ బందెలదొడ్డిలో పెడతారు, యజమాని వచ్చి తనదేనని రాసిచ్చి, అపరాధం కట్టి విడిపించుకోవాలి, గడువు దాటితే వేలం. అంటే చట్టం తప్పని నేననడం లేదు. ఎనుములు మురిక్కాలువలో పొర్లి వచ్చి బడి అరుగుల మీద పడుకునేవి, ఎవరో ఒకరు వాటిని అదిలించాలి కదా. కానీ ఆ అదిలింపులో దేవరెద్దునూ తోలుకుపోయి దొడ్డిలో పెట్టి తలుపేశారు. యజమాని వస్తే తప్ప వదలమన్నారు.

పీడ ఎక్కడొచ్చిందంటే, ఆ ఎద్దుకు యజమాని లేకపోవడమే దాని గొప్ప. అవ్వ గుడికి పరుగెత్తింది. పూజారి, గుడి లెక్కల్లో ఎద్దు లేదమ్మా అన్నాడు. ధర్మకర్త ఇంకా తెలివైనవాడు, గుడిదని రాసిస్తే రేపు అది మేసిన ప్రతి గంపకూ గుడే జవాబు చెప్పాల్సి వస్తుందని చేతులు దులుపుకున్నాడు. మున్సిపాలిటీలో గుమాస్తా అయితే, దేవుణ్ణే వచ్చి సంతకం పెట్టమనండి అని నవ్వాడట. పోనీ అవ్వే రాసిద్దామా అంటే, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "ఇచ్చినదాన్ని నాదని రాసిస్తే, దేవుని చేతిలోంచి గుంజుకున్నట్ల గాదా అప్పా?" అని మా నాయన ముందు కూలబడింది. రాసివ్వకపోతే వేలంలో ఎవడో కొని కాడి కడతాడు, అప్పుడూ మొక్కు చెడినట్టే. ఆ కొడుకు అప్పటికి మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీ తోలుతున్నాడు. రోజూ ఆ గుంతలోకి దిగి ఎక్కే కొడుకును తలుచుకొని అవ్వ కూడు ముట్టడం మానేసింది. మీలో కొందరికి ఇది మూఢనమ్మకంగా తోచవచ్చు, నాకూ అప్పట్లో అలాగే తోచింది. కానీ ఆమె ముఖం చూసినవాళ్లు ఎవరూ ఆ మాట పైకి అనలేకపోయారు.

మా నాయన ఎవరితోనూ ఆలోచించలేదు. గని నుంచి వస్తూ వస్తూ మున్సిపాలిటీకి పోయి, చేతిలో ఉన్న కూలి డబ్బులు అపరాధం కింద కట్టి, తెల్ల ఎద్దు, ఎడమ కొమ్ము వంకర, తొడన త్రిశూలం ముద్ర, ఇది నా సొంతమని రాసి, మిషను బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి వచ్చాడు. పలుపు వేయలేదు. ఆయన ముందు నడిస్తే ఎద్దు వెనకాల నడిచి వచ్చింది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మనకూ ఆ ఎద్దుకూ ఏం సంబంధమని చడామడా తిట్టింది. "అవ్వకు మొక్కు అడ్డమొస్తాది. నాకేమొస్తాది? ఉత్త సంతకమే గదా" అన్నాడాయన. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. సంతకం ఉత్తదని నమ్మిన చివరి మనిషి మా నాయనే అయి ఉంటాడు.

వారం తిరక్కముందే శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మున్సిపాలిటీ పరిధిలో పశువును పెంచుతున్నావు కాబట్టి కొట్టానికి లైసెన్సు చూపించమన్నాడు. కొట్టం లేదు సారూ, అది గుడి దగ్గర పండుకుంటుందంటే, కొట్టం లేకుండా పశువును పెంచడం ఇంకో నేరమన్నాడు. మా ఒంటిగది ఇల్లంతా టేపుతో కొలిచి, గచ్చు లేదు, కాలువ లేదు, గాలి సరిపోదు అని రాసుకొని పోయాడు. మేమంతా ఆ గదిలోనే పడుకొనేవాళ్లం, మాకు గాలి సరిపోతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, కట్టని కొట్టానికి మురుగు కాలువ తవ్వలేదని మాకు నోటీసు వచ్చింది.

ఆఫీసుల సంగతి సరే, అవి ఎప్పుడూ అంతే అనుకోవచ్చు. నా కడుపు మండింది ఊరివాళ్ల మీద. అంతకుముందు తిడుతూనే వంకాయలు పెట్టిన చేతులే ఇప్పుడు మా వాకిట్లోకి వచ్చి చూపుడువేళ్లయ్యాయి. నీ ఎద్దు టమోటాలు తొక్కింది, నీ ఎద్దు పందిరి గుంజ విరిచింది, నీ ఎద్దు, నీ ఎద్దు. దేవుడిదిగా ఉన్నంతకాలం దాని తిండి పుణ్యం, మా నాయన పేరు పడగానే నష్టం. కొందరు అమ్మలక్కలైతే మా వీధి పేరు తగిలిందని మూపురం ముట్టుకోవడం కూడా మానేశారు. ఇటు చర్చిలో సంఘ పెద్దలు, త్రిశూలం ముద్ర ఉన్నదాన్ని నాదని రాసిస్తావా అని నిలదీసి, ఆయన ఎన్నో ఏళ్లుగా చేస్తున్న కానుకల సంచి పట్టే పనిని ఇంకొకరికి అప్పగించారు. ఆ ఆదివారం మా నాయన చివరి బెంచీలో కూర్చొని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకొని పాటలు పాడాడు.

చివరికి వచ్చిన నోటీసు అన్నిటికంటే గట్టిది. పశువును కట్టేసైనా ఉంచాలి, లేదా వెంట మనిషైనా ఉండాలి, రెండూ లేకపోతే కేసు. పలుపు వేస్తే మొక్కు చెడుతుంది. అవ్వ మెడలో చిక్కుకున్న ముడే ఇప్పుడు మా నాయన మెడలో పడింది. అమ్మ, ఆ కాగితం వాళ్ల ముఖాన కొట్టి రమ్మంది. ఆయన రాత్రంతా ఏమాలోచించాడో గానీ, తెల్లవారి గనికి పోయే ముందు ఎద్దు వెనకాల నడవడం మొదలుపెట్టాడు. అది ఆగినచోట ఆగాడు, గంపల వైపు మళ్లితే చేత్తో డొక్క మీద తట్టి పక్కకు మళ్లించాడు. సాయంత్రం బండల దుమ్ముతోనే వచ్చి మళ్లీ నడిచాడు. మరి పగలు? పగలు అవ్వ నడిచింది. ఎన్నడూ గడప దాటి కూలివాళ్లతో కలిసి నడవని మనిషి, తల మీద కొంగు కప్పుకొని, మిట్టమధ్యాహ్నం ఆ ఎండలో, కాళ్లు బొబ్బలెక్కినా ఎద్దు వెనకాల తిరిగింది. సాయంత్రం మా వీధి మొగదలకు వచ్చి, "ఇంక నీ వంతు అప్పా" అనేది. ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చొని చూసింది. వాళ్లకు అదొక వేడుక. ఒక్క పూట మేం నడుస్తాంలే అన్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

అలా ఆ ఎద్దు ముసలిదై, ఒక ఎండాకాలం గుడి గోడ నీడలో పడుకొని మళ్లీ లేవలేదు. అప్పుడు చూడాలి ఊరి భక్తి. మా లెక్కల్లో లేదన్న పూజారి పసుపు కుంకుమలు తెచ్చాడు, చేతులు దులుపుకున్న ధర్మకర్త మేళం పెట్టించాడు, పూలతో ఊరేగించి గుడి వెనక స్థలంలో పాతిపెట్టారు. ఊరేగింపు చివర నడుస్తున్న మా నాయనను, గోడ దగ్గర ఎవరో, "నువ్వు ఆడనే ఉండప్పా" అన్నారు. ఆయన ఆడనే ఉండిపోయాడు. ఆ తరువాత, మున్సిపాలిటీ పరిధిలో అనుమతి లేకుండా పశు కళేబరాన్ని పాతినందుకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. ఎవరికి వచ్చిందో చెప్పనక్కరలేదు. పాతిన చేతులన్నీ జేబుల్లోకి పోయాయి.

పనికి నాగా పెట్టి పోయిన మా నాయన వెంట నేనూ ఆఫీసుకు వెళ్లాను. మేము మెట్లెక్కేసరికి అవ్వ అప్పటికే వచ్చి కూర్చొని ఉంది. మమ్మల్ని దాటుకొని అధికారి బల్ల ముందుకు పోయి, నిలబడడానికి బల్ల అంచు పట్టుకొని, "ఇప్పుడు రాసుకో సార్, ఆ ఎద్దు నాదని. దేవుడు ఆయనది ఆయన తీసుకున్న్యాడు గదా, ఇంక నాకేం అడ్డం ల్యా. తప్పేదన్నా ఉంటే నామీద రాయి, ఈ అప్ప శానా మోసినాడు" అంది. అధికారి కాగితాలు తిరగేసి, చచ్చిన పశువుకు యజమానిని మార్చే రూలు లేదమ్మా అన్నాడు. అవ్వ అక్కడే ఏడ్చింది. మా నాయన ఆమె చెయ్యి పట్టుకొని మెట్లు దించాడు. ఆ చెయ్యి అంతకుముందు ఆయన ఎన్నడూ ముట్టుకొని ఎరగడు. ఆ ఎద్దు ఊరేగింపులో గోడ బయట నిలబెట్టిన మనిషే ఆ రికార్డులో చివరిదాకా దాని యజమాని.

ఇప్పుడు నాయనా లేడు, అవ్వా లేదు, బందెలదొడ్డి ఉన్నచోట ఏదో షాపింగ్ కాంప్లెక్సు లేచింది. అవ్వ కొడుకు మాత్రం మనవళ్లను ఎత్తుకొని హాయిగా ఉన్నాడు. మొక్కు వల్లనో కాదో నేను చెప్పలేను. చట్టాలు అప్పటికంటే పెరిగాయి, గొడ్ల చెవులకు నంబరు పోగులొచ్చాయి, మైకులొచ్చాయి. యజమాని ఎవరు అనే ప్రశ్న మాత్రం అదే. తనది కానిదాన్ని నాదని రాసిచ్చి, ఆ మాట కోసం ఏళ్ల తరబడి ఎండలో నడిచిన మనుషుల మధ్య పెరిగినదాన్ని. తనదాన్నే నాది కాదనే మనిషి చేతి టీ తాగుతూ బతుకుతున్నాను.

నిన్న ఆ నలుగురూ చెక్క పలక ఆనించి ఎర్రావును బండిలోకి ఎక్కిస్తుంటే, అది ఎవరిదో నాకు తెలుసు కాబట్టి, నేను గట్టిగానే అన్నాను, ఏమప్పా, అది మీ ఆవే కదా అని. "ఊరుకో టీచరమ్మా, నీకెందుకు" అన్నాడు టీ కొట్టాయన. బండి కదిలింది. ఆ ఆవు తల వెనక్కి తిప్పి కొట్టు వైపే చూస్తూ పోయింది. ఆయన గ్లాసులు కడుక్కుంటున్నాడు.